నలభై అయిదు కౌంటు

గణితం పరీక్షలో విద్యార్థికి పడే మార్కు చూడడానికి ఒకే అంకె అయినా, నిజానికి అది రెండు వేర్వేరు సామర్థ్యాలను కలిపి చెబుతుంది. నేర్పిన పద్ధతిని మధ్యలో తప్పు దొర్లకుండా చివరి వరకూ నడిపించగలగడం వాటిలో మొదటిది. ఆ పద్ధతి ఎందుకు చెల్లుతుందో, ఎక్కడ చెల్లకుండా పోతుందో, ముందే తెలిసిన మరో విషయంతో దానికి ఏ సంబంధం ఉందో ఎరిగి ఉండడం రెండవది. మొదటి సామర్థ్యం కాగితం మీద వరుసగా సోపానాలుగా కనబడుతుంది కనుక దాన్ని కొలవడం సులువు. రెండవది చాలాసార్లు కాగితం మీదికి రాకుండా బుద్ధిలోనే ఉండిపోతుంది, వచ్చినా అనుకున్న చోట రాదు, కనుక దాన్ని కొలవడానికి ప్రశ్న వేసేవారికీ జవాబు దిద్దేవారికీ కూడా ఎక్కువ శ్రమ పడుతుంది. సులువుగా కొలవదగినదాన్నే కొలిచి, ఆ కొలతకు గణిత జ్ఞానం అని పేరు పెట్టడం దీర్ఘకాలంగా పాఠశాల విద్యలో జరుగుతూ వస్తున్న పొరపాటు.

ఇంగ్లండుకు చెందిన గణిత విద్యావేత్త రిచర్డ్ స్కెంప్ 1976లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ భేదాన్ని స్పష్టంగా నిలబెట్టాడు. నార్వే పరిశోధకుడు స్టీగ్ మెలిన్-ఓల్సెన్ దగ్గర నుంచి రెండు పారిభాషిక పదాలను తీసుకుని, కారణం తెలియకుండా సూత్రాన్ని పనిముట్టుగా వాడగలగడాన్ని ఒక రకం అవగాహనగానూ, ఏం చేయాలో దానితో పాటు ఎందుకు చేయాలో కూడా తెలిసి ఉండడాన్ని మరో రకం అవగాహనగానూ అతడు వేరు చేశాడు. వాటిని పనిముట్టు అవగాహన, సంబంధ అవగాహన అని తెలుగులో చెప్పుకోవచ్చు. స్కెంప్ వ్యాసంలో గమనించదగిన నిజాయితీ ఏమిటంటే, అతడు మొదటి రకాన్ని తిట్టి ఊరుకోలేదు. అది త్వరగా పట్టుబడుతుందని, సరైన జవాబు అనే ప్రతిఫలం వెంటనే కనబడుతుందని, పరీక్ష ఒత్తిడిలో ఉన్న ఉపాధ్యాయుడు దానివైపు మొగ్గడానికి తగిన కారణాలున్నాయని కూడా ఒప్పుకున్నాడు. ఎక్కాలు కంఠతా పట్టిన పిల్లవాడిని చులకన చేసేవారు ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఎక్కాలు నోటికి వచ్చినవాడి బుద్ధికి, గుణకారం దగ్గర ఆగిపోకుండా ఆపై సంగతిని ఆలోచించే తీరిక దొరుకుతుంది.

ఈ భేదం ఎంత సూక్ష్మంగా దాగి ఉండగలదో చూడడానికి నెల్లూరు తీరంలో, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల్లో రొయ్యల గుంటల గట్ల మీద రోజూ వినబడే కౌంటు అనే కొలతను తీసుకోవచ్చు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్యే కౌంటు. కిలోకు ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. రొయ్య పెరిగిన కొద్దీ కౌంటు తగ్గుతుంది కనుక, ఎనిమిదో తరగతిలో విలోమానుపాతం పేరుతో నేర్పే సంబంధం, అంటే ఒక రాశి ఎన్ని రెట్లు పెరిగితే మరొక రాశి అన్నో వంతుకు తగ్గే సంబంధం, ఇక్కడ వ్యాపారపు మాటగా జీవిస్తోంది. వంద కౌంటు రొయ్య ఒక్కొక్కటి సగటున పది గ్రాములు, యాభై కౌంటు రొయ్య ఇరవై గ్రాములు, నలభై కౌంటుది ఇరవై అయిదు, ముప్ఫై కౌంటుది ముప్ఫై మూడు గ్రాముల పైచిలుకు. వంద నుంచి తొంభైకి కౌంటు పడిందంటే రొయ్య పెరిగింది గ్రాము కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. అదే నలభై నుంచి ముప్ఫైకి పడిందంటే ఎనిమిది గ్రాములకు పైగా పెరిగినట్లు. పది కౌంట్ల తేడా అన్నిచోట్లా పదే అయినా దాని వెనుక ఉన్న బరువు ఒకటి కాదన్న గ్రహింపే విలోమానుపాతాన్ని అర్థం చేసుకున్నదానికి గుర్తు. ఒక రాశి రెట్టింపయితే మరొకటి సగమవుతుందని ఒప్పజెప్పడం ఆ గ్రహింపుకు సరితూగదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ముప్ఫై కౌంటు రొయ్యలను, అరవై కౌంటు రొయ్యలను సగం సగం కలిపితే ఆ కలగలుపు సరుకు ఏ కౌంటు అవుతుంది? పాఠశాలలో సగటు నేర్చుకున్న విద్యార్థి ముప్ఫైని అరవైతో కూడి, రెండుతో భాగించి, నలభై అయిదు అని రాస్తాడు. కిలో ముప్ఫై కౌంటు, కిలో అరవై కౌంటు కలిపితే రెండు కిలోలకు తొంభై రొయ్యలు, అంటే కిలోకు నలభై అయిదు. జవాబు సరిపోయింది. కానీ సగం అన్న మాట తూకాన్ని కాక రొయ్యల సంఖ్యను ఉద్దేశించినదైతే లెక్క మారుతుంది. ముప్ఫై కౌంటువి అరవై రొయ్యలు రెండు కిలోలు, అరవై కౌంటువి అరవై రొయ్యలు ఒక కిలో, మొత్తం మూడు కిలోలకు నూట ఇరవై రొయ్యలు, అంటే నలభై కౌంటు. పై తరగతుల్లో హరమధ్యమం అని పిలిచే సగటు ఇదే. సంఖ్యల విలోమాలకు సగటు కట్టి, వచ్చినదాన్ని మళ్లీ తిరగేస్తే అది వస్తుంది. మొదటి జవాబు రాసిన విద్యార్థులు ఇద్దరుంటే, వారిలో ఒకరు తూకంలో సగం అని ఆలోచించి నలభై అయిదుకు చేరి ఉండవచ్చు, మరొకరు రెండు అంకెలు కనబడితే కూడి రెండుతో భాగించాలన్న అలవాటుతో చేరి ఉండవచ్చు. కాగితం మీద ఇద్దరి జవాబూ ఒకటే, ఇద్దరికీ పడే మార్కూ ఒకటే.

సరైన జవాబు వెనుక తప్పుడు నియమం దాగి ఉండడం ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అనే మారుపేరుతో ఆరో తరగతి విద్యార్థి ఒకడి గురించి రాసిన అధ్యయనం గణిత విద్యలో ప్రసిద్ధమైంది. ఎవరికి వారే పాఠాలు చదువుకుంటూ పరీక్షలు రాసుకుంటూ ముందుకు సాగే బోధనా పద్ధతిలో బెన్నీ మంచి ప్రగతి చూపుతున్నట్టు లెక్క. కానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినప్పుడు, పదింట అయిదును దశాంశంగా రాయమంటే లవాన్నీ హారాన్నీ కూడి ఒకటి పాయింట్ అయిదు అని అతడు చెప్పాడు. గణితమంటే ఎవరో నిర్ణయించిన వందలాది నియమాల పోగు అనీ, సరైన జవాబు అనేది సమాధానాల పట్టికలో ఉన్నదానితో కుదరడమే తప్ప దానికి వేరే హేతువు ఉండదనీ ఆ పిల్లవాడు స్థిరంగా నమ్మాడు. అతడి మార్కులు చూసినవారెవరికీ ఆ నమ్మకం కనబడలేదు. ఈ అధ్యయనాన్ని చదివినవారికి కలగవలసింది ఆ పిల్లవాడి మీద జాలి కాదు. తమ చేతిలోని మార్కుల పట్టికలో ఇలాంటివారు ఎంతమంది ఉన్నారోనన్న ఆందోళన కలగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి జవాబుపత్రాలను దిద్దే స్పాట్ వాల్యుయేషన్ కేంద్రాల్లో ఉపాధ్యాయులకు ముందుగా మూల్యాంకన సూత్రాలు అందుతాయి. సూత్రం రాసినందుకు ఇన్ని మార్కులు, విలువలు ప్రతిక్షేపించినందుకు ఇన్ని, గణన సరిగా చేసినందుకు ఇన్ని అని విడగొట్టి ఉండే ఈ పద్ధతిని ఉపాధ్యాయులు స్టెప్ మార్కులు అంటారు. ఇందులో ఒక దయ ఉందన్నది కాదనరానిది. చివరి కూడికలో జారిపోయిన పిల్లవాడికి సున్నా పడకుండా, అతడు నడిచినంత దూరానికి విలువ దక్కుతుంది. వేలాది పత్రాలను వందలాది చేతులు దిద్దేటప్పుడు ఒకే రాతకు ఒకే మార్కు పడాలన్న న్యాయం కూడా ఇందులో ఉంది. అయితే ఆ దయా ఆ న్యాయమూ కలిసి సోపానాన్నే విలువగా మార్చివేశాయి. ఏమీ అర్థం కాకపోయినా దత్తాంశం రాసి, సూత్రం రాసి, సారాంశం అని శీర్షిక పెడితే కొన్ని మార్కులు వస్తాయని పిల్లలకు బళ్లోనే చెబుతారు, పిల్లలూ అలాగే చేస్తారు. ఒకే చూపులో జవాబును పట్టుకుని రెండు వాక్యాల్లో కారణం చెప్పిన విద్యార్థి విషయంలో మాత్రం ఆ రెండు వాక్యాలను మూల్యాంకన పట్టికలో ఏ గడిలో చేర్చాలో దిద్దేవారికి తోచక ఇబ్బంది కలుగుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం ఈ సమస్యను నేరుగా ఎదుర్కోవడానికి ప్రయత్నించింది. అంతకు ముందు 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా, కంప్యూటర్ శాస్త్రవేత్త ఆర్. రామానుజం అధ్యక్షతన వెలువడిన పత్రం, గణితాన్ని యాంత్రిక గణనగా భావింపజేసే మోటు పరీక్షలను గణిత విద్యలోని ప్రధాన సమస్యల్లో ఒకటిగా చెప్పి, పిల్లల ఆలోచననే గణితీకరించడం అసలు లక్ష్యమని నిలబెట్టింది. ఆ స్ఫూర్తితో వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాల్లో గణితానికి అయిదు విద్యాప్రమాణాలు నిర్దేశించారు. అవి సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపణ చేయడం, వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణతో కూడిన ప్రాతినిధ్యపరచడం. ప్రశ్నపత్రంలో సమస్యా సాధనకు నలభై శాతం భారం ఉంచి, మిగతా అరవై శాతాన్ని తక్కిన నాలుగు ప్రమాణాలకు పంచారు. గణితం మార్కుల్లో సగానికి పైగా గణనకు వెలుపలి సామర్థ్యాలకు కేటాయించడమన్నది తెలుగునాట ఎంత పెద్ద మార్పో, అప్పటి ఉపాధ్యాయ శిక్షణల్లో పాల్గొన్నవారికే పూర్తిగా తెలుస్తుంది. ఆ ప్రయత్నాన్ని గౌరవంతో తలచుకోవడం అవసరం.

అది ఆశించినంత దూరం పోలేకపోవడానికి కారణం వెతికితే, ప్రశ్న స్వభావంలోనే ఉన్న ఒక చిక్కు బయటపడుతుంది. ఒక ప్రశ్న మొదటిసారి అడిగినప్పుడు అవగాహనను పరీక్షిస్తుంది, రెండోసారి అడిగినప్పుడు జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది. కారణం తెలపండి అన్న ప్రశ్నలకు గైడ్లలో కారణాలు అచ్చయ్యాయి, సొంతంగా సమస్య తయారు చేయండి అన్న ప్రశ్నకు కూడా తయారైన సమస్యలు అమ్మకానికి వచ్చాయి. ప్రాజెక్టు పనులకు, రాత పనులకు, తరగతిలో పాల్గొనడానికి ఇచ్చే అంతర్గత మార్కుల సంగతీ అంతే. పదో తరగతిలో ఆ ఇరవై మార్కులు అనేక బడుల్లో ఇంచుమించు అందరికీ పూర్తిగా పడుతుండడంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో వాటిని తొలగించి, మొత్తం భారాన్ని తిరిగి పబ్లిక్ పరీక్ష మీదే ఉంచింది. ఉపాధ్యాయుడి విచక్షణను నమ్మి ఇచ్చిన మార్కు, పోటీ ముందు నిలవలేకపోయింది.

ఆ పోటీ స్వరూపాన్ని నెల్లూరు కంటే బాగా ఎరిగిన ఊళ్లు తక్కువ. ఇప్పుడు దేశమంతటా శాఖలున్న నారాయణ విద్యాసంస్థల ప్రస్థానం 1979లో ఇదే పట్టణంలో ఒక చిన్న గణిత శిక్షణ కేంద్రంగా మొదలైంది. ఎంసెట్ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష నూట ఎనభై నిమిషాలకు నూట అరవై ప్రశ్నలతో, అందులో ఎనభై గణిత ప్రశ్నలతో నడిచినప్పుడు, ఒక ప్రశ్నకు నిమిషానికి కాస్త మించిన వ్యవధిలో ఆలోచనకు చోటు ఎంత ఉంటుందో ఎవరైనా లెక్కకట్టవచ్చు. అంత వేగంలో గెలవాలంటే ప్రతి ప్రశ్న రకమూ ముందే చేసి ఉండాలి, అంటే చేతికి అలవాటైన పద్ధతి కావాలి. శిక్షణ కేంద్రాలు ఆ పరీక్షకు ఏది అవసరమో దాన్నే నేర్పాయి. అవి చెడగొట్టాయనడం కంటే, పరీక్ష కోరినదాన్ని అవి అందించాయనడం సత్యానికి దగ్గర.

అయితే అవగాహనను పరీక్షించడం అసాధ్యమని దీన్ని బట్టి తేల్చకూడదు. తెలిసిన పద్ధతిని దాని అలవాటైన చోటు నుంచి కొద్దిగా పక్కకు జరిపితే చాలు, లోపల ఉన్నదేదో బయటపడుతుంది. రెండు వర్గమూలం కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా రాయలేని సంఖ్య, అని నిరూపించమనడం పదో తరగతిలో తరచూ వచ్చే ప్రశ్న. నిరూపణ మొత్తాన్ని వల్లించిన విద్యార్థి మూడు వర్గమూలానికీ అయిదు వర్గమూలానికీ అంకె మార్చి అదే రాస్తాడు. అదే నిరూపణను నాలుగు వర్గమూలానికి రాస్తూ పోతే ఏ వాక్యం దగ్గర అది విరిగిపోతుందో చెప్పమని అడిగితే వల్లెవేత పనికిరాదు, ఎందుకంటే నాలుగు వర్గమూలం రెండే, అది కరణీయం కాదు. ఒక సంఖ్య వర్గం రెండుతో భాగింపబడితే ఆ సంఖ్య కూడా రెండుతో భాగింపబడుతుంది కానీ, వర్గం నాలుగుతో భాగింపబడినంత మాత్రాన సంఖ్య నాలుగుతో భాగింపబడనక్కర లేదు. రెండు, ఆరు, పది అందుకు సాక్ష్యం. ఈ ఒక్క వాక్యాన్ని వేలితో చూపగలిగిన విద్యార్థికి నిరూపణ అంతా తెలిసినట్టే, మిగతా పేజీ రాయకపోయినా సరే.

వైశాల్యపు ప్రమాణాలను గురించిన ప్రశ్న నెల్లూరు పిల్లలకు ఇంకా దగ్గరది. ఇళ్ల స్థలాలను ఇక్కడ అంకణాల్లో చెబుతారు. నెల్లూరు అంకణం డెబ్బై రెండు చదరపు అడుగులు, తిరుపతి అంకణం అందులో సగం, ముప్ఫై ఆరు. నెల్లూరు అంకణం ఎన్ని చదరపు గజాలని అడిగినప్పుడు, గజానికి మూడు అడుగులన్న నియమం మాత్రమే పట్టుకున్న విద్యార్థి డెబ్బై రెండును మూడుతో భాగించి ఇరవై నాలుగంటాడు. చదరపు గజం అంటే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చదరమని కళ్లముందు చూడగలిగినవాడు తొమ్మిదితో భాగించి ఎనిమిదంటాడు. ఎకరానికి నాలుగువేల ఎనిమిది వందల నలభై చదరపు గజాలు కనుక ఎకరానికి ఆరు వందల అయిదు అంకణాలని తేల్చి, అదే తిరుపతి లెక్కలో అయితే అంకణం సగమయినందున సంఖ్య రెట్టింపవుతుందని మళ్లీ భాగహారం చేయకుండానే చెప్పగలిగితే, అతడు ప్రమాణానికీ సంఖ్యకూ ఉన్న విలోమ సంబంధాన్ని కౌంటు దగ్గరా అంకణం దగ్గరా ఒకటిగా గుర్తుపట్టినట్టు. స్కెంప్ చెప్పిన సంబంధ అవగాహన ఇదే. ఇరవై నాలుగని రాసిన జవాబు కూడా ఉపాధ్యాయుడికి విలువైనదే. కేవలం తప్పు అని కొట్టివేసి వదిలేయకపోతే, ఏది నేర్పాలో అది స్పష్టంగా చూపిస్తుంది.

ఇటువంటి ప్రశ్నలు వేయాలంటే ఉపాధ్యాయుడికే ఆ లోతు ఉండాలి. అమెరికా, చైనా ఉపాధ్యాయులను పోలుస్తూ లిపింగ్ మా 1999లో ప్రచురించిన గ్రంథంలో, ఒకటీ ముప్పాతికను అరతో భాగించి, ఆ భాగహారానికి తగిన కథ ఒకటి చెప్పమని అడిగారు. ఇరవై ముగ్గురు అమెరికన్ ఉపాధ్యాయుల్లో సరైన కథ చెప్పగలిగింది ఒక్కరే. నెల్లూరులో ధాన్యం పుట్టి ఎనిమిది వందల యాభై కిలోలు. ఒకటీ ముప్పాతిక పుట్ల ధాన్యాన్ని అరపుట్టి చొప్పున పోస్తే ఎన్ని రాసులవుతాయన్నదే ఆ కథ, మూడున్నర జవాబు. తిరగేసి గుణించమని నేర్పే చోట, ఎందుకు తిరగేయాలో ఈ రాసులే చెబుతాయి. ఒక పుట్టిలో రెండు అరపుట్లు ఉంటాయి కనుక రెండుతో గుణిస్తున్నాము.

ఊరి కొలతలు ఎరిగినంత మాత్రాన పిల్లలకు గణితం అర్థమయిపోతుందని భ్రమపడడం కూడా సరికాదు. బ్రెజిల్‌లోని రెసీఫె వీధుల్లో సరుకులు అమ్మే పిల్లలు తమ బేరాల్లో నూటికి తొంభై ఎనిమిది లెక్కలు సరిగా చేసి, అవే అంకెలు కాగితం మీద పెడితే నూటికి ముప్ఫై ఏడు మాత్రమే సరిగా చేశారని 1985లో తెరెజిన్యా నూనెస్, ఆమె సహ పరిశోధకులు చూపారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు చేసి 2025లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతిని కూడా జోడించింది. బజారు పిల్లలు బడి లెక్కల దగ్గర తడబడినట్టే, బడి లెక్కలు మెరుగ్గా చేసే పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. అంటే గుంట గట్టు మీద కౌంటు కట్టే చేతికీ, నల్లబల్ల మీద అనుపాతం కట్టే చేతికీ మధ్య ఉన్న దారి దానంతట అది ఏర్పడదు. ఆ దారి వేయడమే బడి పని. దారి పడిందో లేదో చూడడమే పరీక్ష పని.

ఇక్కడే తీరంలో మరొక చిక్కు ఎదురవుతుంది. అవగాహనను రాతలో చూపించమంటే, గణితానికి బదులు భాషకు మార్కు వేసినట్టవుతుంది. పట్టపు మత్స్యకారుల ఇళ్లలో తమిళం కలిసిన మాట వినబడుతుంది. గుంటల కాపలాల్లోనూ వేటలోనూ బతికే యానాది కుటుంబాల పిల్లల్లో పుస్తకం పట్టిన మొదటి తరం వారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. వీరికి బడి తెలుగే రెండో భాష లాంటిదైతే, ఇంగ్లీషు మాధ్యమంలో కారణం వివరించండి అన్న ప్రశ్నకు వాక్యం కట్టడం గణితం కంటే కష్టం. సూత్రం, ప్రతిక్షేపణ, జవాబు అన్న పాత పద్ధతి కనీసం ఈ పిల్లలను మాటలు అడగలేదు. ఎనిమిది మార్కుల వివరణ రాయడానికి పట్టణంలో గైడు చదివిన విద్యార్థికి ఉన్న సౌకర్యం, ఇసకపల్లిలోనో మైపాడులోనో పొద్దున్నే వలలు లాగి బడికి వచ్చిన పిల్లవాడికి లేదు. అవగాహనకు మార్కు వేయాలని కోరేవారు ఈ అన్యాయం గురించి మౌనంగా ఉండకూడదు.

ముప్ఫై, అరవై కౌంటు రొయ్యలను కలిపే ప్రశ్ననే ఎనిమిది మార్కులకు అడిగినట్టు ఊహించి ఆలోచిస్తే, మూడు రకాల విద్యార్థులు ఎదురవుతారు. కూడి, రెండుతో భాగించి, నలభై అయిదని రాసినవారు ఒకరు. వారి పేజీలో తూకంలో సగం అన్న మాట ఎక్కడా లేకపోతే ఎనిమిదికి నాలుగు చాలు, ఉంటే పూర్తి మార్కులు ఇవ్వాలి. సగం దేనిలో, తూకంలోనా సంఖ్యలోనా అని తిరిగి అడిగి, రెండింటికీ రెండు జవాబులు ఇచ్చినవారు ఇంకొకరు. మూల్యాంకన పట్టికలో ఆ ఎదురుప్రశ్నకు గడి లేకపోయినా, దానికే ఎక్కువ విలువ కట్టాలి. ఇక వాక్యం రాయలేకపోయినా, పెద్ద గులకరాళ్లనూ చిన్న గులకరాళ్లనూ రెండు కుప్పలు పోసి, సమానంగా తూచి కలిపితే చిన్నవే ఎక్కువ చేరతాయనీ, సమానంగా లెక్కపెట్టి కలిపితే తూకంలో పెద్దవాటిదే పైచేయి అవుతుందనీ చూపించగలిగినవారు మూడో రకం. ఈ మూడో విద్యార్థికి జూన్ నుంచి మార్చి దాకా ఏదో ఒక రోజు బడిలోనే, స్లిప్ టెస్టు పేరుతో కాగితం ముందు పెట్టే బదులు పక్కన కూర్చుని అయిదు నిమిషాలు వినే ఉపాధ్యాయుడి ముందు, మార్కు పడాలి. అందుకు తరగతికి ముప్ఫై మంది మించని బడి, ఆ అయిదు నిమిషాలను లెక్కలోకి తీసుకునే పనిగంటలు, ఆ మార్కు మీద అనుమానపడి దాన్ని రద్దు చేయని విద్యాశాఖ కావాలి. స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో దిద్దేవారి ముందు జవాబుపత్రమే ఉంటుంది కనుక, ఆ విద్యార్థిని అక్కడ ఎవరూ గుర్తించలేరు.